వైరు నెట్ ల్యాప్‌టాప్ దాకే వస్తోందా? ఫోన్‌కి వైఫైగా ఇచ్చే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

మా పిన్ని వాళ్లది ఇందుకూరుపేట మండలంలో సముద్రం వైపు ఊరు. చుట్టూ రొయ్యల గుంటలు. ఇల్లు పాతకాలపు మిద్దె, గోడలు మూరెడు మందం. వాకిట్లో నిలబడితే ఫోన్‌కి సిగ్నల్ ఉంటుంది, వంటింట్లోకి అడుగుపెడితే పోతుంది. చెన్నైలో ఉన్న కొడుకుతో వీడియో కాల్ మాట్లాడాలంటే పిన్ని మోకాళ్ల నొప్పులతో మిద్దె ఎక్కాలి. బాబాయికి పొద్దున్నే వంద కౌంటు (కిలోకి వంద తూగే) రొయ్యల రేటెంతో ఫోన్లో చూసుకోవడం అలవాటు, ఆయనా వీధి అరుగు మీదికి రావాల్సిందే.

అట్టని ఇంట్లో నెట్ లేదా అంటే ఉంది. స్తంభం మీదుగా ఫైబర్ తీగ వచ్చింది. గోడకి ఒక పాత బాక్సు బిగించారు, దాన్నుంచి ల్యాన్ వైరు చెల్లెలి ల్యాప్‌టాప్‌కి వెళ్తుంది. ఆ బాక్సులో వైఫై లేదు. ల్యాప్‌టాప్‌లో సినిమా ఆగకుండా ఆడుతుంది, పక్కనే ఉన్న ఫోన్‌కి మాత్రం చుక్క నెట్ అందదు. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ ల్యాప్‌టాప్‌తోనే ఇల్లంతా వైఫై పెట్టి వచ్చాను. కొత్తగా రూటర్ ఏదీ కొనలేదు. ఇట్టాంటి ఇళ్లు మన నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో చాలా ఉన్నాయి కాబట్టి చేసిన పనంతా వివరంగా రాస్తున్నాను. ఫోన్‌కి ఎక్కడ నెట్ ఆగిపోతుందో, అప్పుడు ఏం చూడాలో దానికి ఎక్కువ చోటిచ్చాను. ఎక్కువమంది విసిగిపోయి వదిలేసేది అక్కడే.

అసలు జరిగేది ఏంది?

చెరువు నిండా నీళ్లున్నా తూము తియ్యకపోతే మడికి నీళ్లు రావు. తూము తీసినా పిల్లకాలవ పూడిపోతే రావు. ఇక్కడ చెరువు ల్యాన్ వైరులో వచ్చే నెట్. తూము ల్యాప్‌టాప్. పిల్లకాలవ ల్యాప్‌టాప్ లోపలున్న వైఫై. మామూలుగా ఆ వైఫై బయటి నెట్‌ని అందుకోవడానికి పనిచేస్తుంది. మనం దాన్ని తిప్పి, నెట్‌ని బయటికి పంపే పనికి పెడుతున్నాం. ల్యాప్‌టాప్ చిన్న రూటర్ అయిపోతుంది, ఇంట్లో ఫోన్లన్నీ దాని చాటున ఉంటాయి. బయట నుంచి చూసేవాళ్లకి ల్యాప్‌టాప్ ఒక్కటే కనపడుతుంది. అందుకే కేబుల్ వాళ్లు కనెక్షన్‌ని ఒక్క ల్యాప్‌టాప్ మ్యాక్ అడ్రస్‌కే (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబరు) కట్టేసినా ఈ పద్ధతి పనిచేస్తుంది.

నెట్ రాకపోతే తప్పు రెండు చోట్లలో ఒకచోటే ఉంటుంది: చెరువు నుంచి తూము దాకా, లేదా తూము నుంచి మడి దాకా. ఈ రెండిటినీ విడగొట్టి చూడటం వస్తే సగం పని అయినట్టే.

మొదలుపెట్టే ముందు

ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేసి, ల్యాన్ వైరు మీదే ఏదైనా వెబ్‌సైట్ తెరవండి. తెరుచుకుంటే చెరువులో నీళ్లున్నట్టు. ఇక వైఫైని మళ్లీ ఆన్ చేయండి, కానీ ఏ వైఫైకీ కనెక్ట్ చేయొద్దు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. వైఫై స్విచ్ ఆఫ్‌లో ఉంటే హాట్‌స్పాట్, అంటే ల్యాప్‌టాప్ బయటికి పంపే వైఫై, ఆన్ కాదు. ఏరోప్లేన్ మోడ్ ఉన్నా అంతే.

వైరు కొస ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి. పారదర్శకంగా ఉండే ఆ ప్లాస్టిక్ పిన్ను మీద చిన్న నాలుక లాంటి క్లిప్పు ఉంటుంది. పిన్ను లోపలికి తోస్తే అది టక్కుమని పడాలి. పిన్ని వాళ్లింట్లో ఆ క్లిప్పు విరిగిపోయి ఉంది. పిన్ను లోపలే ఉన్నట్టు కనపడుతుంది, ల్యాప్‌టాప్ కొంచెం జరిపితే చాలు వదులవుతుంది, పోర్టు పక్కనున్న లైటు ఆరిపోతుంది. అరగంట సెట్టింగులన్నీ తిరగేశాక ఆ లైటు చూశాను. కేబుల్ అబ్బాయిని పిలిస్తే పాత పిన్ను కోసేసి కొత్తది క్రింప్ చేసి ఇచ్చాడు. వైరులో ఉండే ఎనిమిది తీగల్లో నాలుగే కలిపి ఉంటే వేగం 100 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతుంది. మీ ప్లాన్ అంతకంటే పెద్దదైతే ఎనిమిదీ కలపమని అప్పుడే చెప్పండి.

మీది డెస్క్‌టాప్ అయితే చాలావాటిలో వైఫై ఉండదు. చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుల్లో లెక్కలు రాసే కంప్యూటర్లు ఎక్కువగా ఇట్టాంటివే. వాటికి యూఎస్‌బీ వైఫై డాంగిల్ పెడితే మిగతా పనంతా ఇదే.

విండోస్ 10, విండోస్ 11లో

2016 ఆగస్టులో వచ్చిన విండోస్ 10 యానివర్సరీ అప్‌డేట్ నుంచి మొబైల్ హాట్‌స్పాట్ అనే సదుపాయం విండోస్‌లోనే ఉంది. వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఉచిత హాట్‌స్పాట్ సాఫ్ట్‌వేర్లని ఎక్కడపడితే అక్కడి నుంచి దించుకోవద్దు. వాటితో పాటు ఏమేం ల్యాప్‌టాప్‌లోకి వస్తాయో మనకి తెలియదు.

1. విండోస్ గుర్తున్న మీటని, ఐ అక్షరాన్ని కలిపి నొక్కండి. సెట్టింగ్స్ తెరుచుకుంటుంది. అందులో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, దాని కింద మొబైల్ హాట్‌స్పాట్.

2. ఎక్కడి నుంచి పంచాలి అని అడిగే పెట్టెలో ఈథర్నెట్ ఎంచుకోండి. మీ ల్యాన్ వైరు పేరు అదే. చాలామంది ఇక్కడ చూడకుండా ముందుకు పోతారు. పెట్టెలో వైఫై అని ఉండిపోతే ల్యాప్‌టాప్ ఖాళీ చెరువుకి తూము తీసినట్టు అవుతుంది.

3. దేని మీద పంచాలి అన్నచోట వైఫై పెట్టండి. బ్లూటూత్ వద్దు, చాలా నెమ్మది.

4. పేరు, పాస్‌వర్డ్ విండోసే ఏదో ఒకటి పెట్టి ఉంచుతుంది. విండోస్ 11లో ప్రాపర్టీస్ దగ్గరున్న ఎడిట్ నొక్కి మార్చుకోండి. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, చిన్నగా పెట్టండి. పాస్‌వర్డ్ కనీసం 8 అక్షరాలుండాలి.

5. అక్కడే నెట్‌వర్క్ బ్యాండ్ ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ ఎంచుకోండి. ఎందుకో కింద చెప్తాను.

6. సేవ్ చేసి, పైనున్న మీటని ఆన్ చేయండి.

అదే పేజీలో పవర్ సేవింగ్ అని ఒక మీట ఉంటుంది. కాసేపు ఏ ఫోనూ కనెక్ట్ కాకపోతే హాట్‌స్పాట్‌ని తనంతట తనే ఆపేస్తుంది. బాబాయి ఫోన్ జేబులో పెట్టుకుని గుంటల మీదికి వెళ్లి మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి వైఫై పేరే కనపడకపోవడానికి కారణం ఇదే. దాన్ని ఆఫ్ చేయండి.

ఒకేసారి 8 ఫోన్ల దాకా కనెక్ట్ చేసుకోవచ్చు. ఎవరెవరు కనెక్ట్ అయ్యారో ఆ పేజీలోనే కనపడుతుంది.

ఇక ఫోన్‌లో వైఫై తెరిచి మీరు పెట్టిన పేరు నొక్కి, పాస్‌వర్డ్ కొట్టండి. ఇక్కడ ఒక్క జాగ్రత్త: సరిచూసేటప్పుడు ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేయండి. వైఫైలో నెట్ లేకపోతే ఫోన్ చెప్పకుండా సిమ్ నెట్‌కి మారిపోతుంది. మీరేమో వైఫై పనిచేస్తోందనుకుంటారు, రోజు డేటా మధ్యాహ్నానికే అయిపోతుంది.

గుర్తు వచ్చింది, నెట్ రాలేదు

మొదటిరోజు రాత్రి పిన్ని అన్నమాట ఇది: "అబ్బయ్యా, ఫోన్లో వైఫై గుర్తేమో వచ్చిందిరా, బొమ్మే రాలా." ఈ ఇబ్బంది చాలామందికి వస్తుంది, కాబట్టి నిదానంగా చూద్దాం.

ముందు ల్యాప్‌టాప్‌లో వెబ్‌సైట్ తెరుచుకుంటోందా? తెరుచుకోకపోతే ఫోన్‌ని వదిలేసి వైరు, బాక్సు చూడండి. తెరుచుకుంటే తప్పు తూము నుంచి ఇవతల ఉంది.

ఇప్పుడు ఫోన్‌లో ఆ వైఫై పేరు పక్కనున్న గుర్తు నొక్కి వివరాలు చూడండి. ఐపీ అడ్రస్ అని ఒక నంబరు ఉంటుంది. విండోస్ తన హాట్‌స్పాట్‌లో తనకి 192.168.137.1 పెట్టుకుని, ఫోన్లకి 192.168.137 తర్వాత ఇంకో అంకె వేసి ఇస్తుంది. ఫోన్‌లో నంబరు అట్టా మొదలైతే ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్య కాలవ బాగుంది. నంబరు 169.254తో మొదలైనా, ఐపీ అడ్రస్ తీసుకుంటున్నాను అంటూ ఫోన్ అక్కడే తిరుగుతున్నా, ల్యాప్‌టాప్ నంబరు పంచడం లేదన్నమాట.

నంబరు రాకపోతే హాట్‌స్పాట్ ఆపి మళ్లీ ఆన్ చేయండి. అప్పటికీ రాకపోతే ల్యాప్‌టాప్‌ని రీస్టార్ట్ చేయండి. దానికీ లొంగకపోతే స్టార్ట్ మెనూలో సర్వీసెస్ అని వెతికి, ఆ జాబితాలో ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ మీద కుడి నొక్కు నొక్కి రీస్టార్ట్ ఇవ్వండి. డబ్బు పెట్టి కొన్న యాంటీవైరస్ ఉంటే దాని ఫైర్‌వాల్ ఈ నంబర్లు పంచే దారిని మూసేసి ఉండొచ్చు. ఐదు నిమిషాలు ఆ ఫైర్‌వాల్ ఒక్కటీ ఆపి చూడండి. నంబరు వస్తే దొంగ దొరికినట్టే. అప్పుడు ఫైర్‌వాల్ మళ్లీ ఆన్ చేసి, అందులో ఈ హాట్‌స్పాట్‌ని నమ్మకమైన నెట్‌వర్క్‌గా గుర్తించండి. ఆపేసి అట్టే వదిలేయొద్దు.

నంబరు వచ్చి కూడా నెట్ లేకపోతే ఫోన్ బ్రౌజర్‌లో పైన పేర్లు రాసేచోట 1.1.1.1 అని కొట్టండి. పేజీ వచ్చినా, పైన అడ్రస్ one.one.one.one అని మారి అక్కడ ఆగినా, నెట్ ఫోన్ దాకా వస్తోంది, వెబ్‌సైట్ల పేర్లని నంబర్లుగా మార్చే డీఎన్ఎస్ మాత్రం ఆగింది. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగుల్లో ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఉంటుంది, దాన్ని ఆఫ్ చేసి చూడండి. తీరకపోతే ఆ వైఫై సెట్టింగులో ఐపీని స్టాటిక్ చేసి, అడ్రస్ 192.168.137.50, గేట్‌వే 192.168.137.1, డీఎన్ఎస్ 8.8.8.8 అని రాయండి. పిన్ని ఫోన్‌కి చివరికి పట్టింది ఈ మందే.

1.1.1.1 కూడా రాకపోతే హాట్‌స్పాట్ పేజీకి వెళ్లి ఈథర్నెట్ అని ఎంచుకున్నారో లేదో మళ్లీ చూడండి. ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ (నెట్‌ని వేరే సర్వర్ మీదుగా తిప్పే సాఫ్ట్‌వేర్) నడుస్తుంటే ఆపండి. ఆఫీసు వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్ అయితే హాట్‌స్పాట్‌నే వాళ్లు మూసేసి ఉండొచ్చు. దాన్ని బలవంతంగా తెరవాలని చూడొద్దు, ఐటీ వాళ్లని అడగండి.

వైఫై పేరే ఫోన్‌లో కనపడకపోతే అది బ్యాండ్ సంగతి. ల్యాప్‌టాప్ 5 గిగాహెర్ట్జ్‌లో పంపుతుంటే పాత, చవక ఫోన్లు దాన్ని చూడనే లేవు. 2.4 అన్ని ఫోన్లకీ తెలుసు.

డయలర్ ఉన్న కనెక్షన్లు

కొన్ని కేబుల్ కనెక్షన్లకి ల్యాప్‌టాప్‌లో యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టి కనెక్ట్ నొక్కితేనే నెట్ వస్తుంది. దీన్ని పీపీపీఓఈ అంటారు. ల్యాప్‌టాప్‌లో బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ అనే పేరుతో ఉంటుంది. ఇక్కడ నెట్ వచ్చేది ఈథర్నెట్ మీద కాదు, దాని లోపల నడిచే ఈ కనెక్షన్ మీద. హాట్‌స్పాట్ పేజీలో దాని పేరు కనపడితే అదే ఎంచుకోండి, పని అయిపోతుంది. కనపడకపోతే చేత్తో పంచాలి.

హాట్‌స్పాట్‌ని ఈథర్నెట్ పేరు మీదే ఆన్ చేసి ఉంచండి. కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్ తెరిచి, ఎడమవైపున్న చేంజ్ అడాప్టర్ సెట్టింగ్స్ నొక్కండి. అక్కడ నాలుగైదు బొమ్మలు కనపడతాయి. లోకల్ ఏరియా కనెక్షన్ అన్న పేరు పక్కన నక్షత్రం గుర్తు, ఒక అంకె ఉన్నది ఒకటుంటుంది. దాని కింద వైఫై డైరెక్ట్ వర్చువల్ అడాప్టర్ అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. మన హాట్‌స్పాట్ అదే, ఆ అంకె ఒక కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ మీద కుడి నొక్కు, ప్రాపర్టీస్, షేరింగ్ ట్యాబ్. మొదటి గడిలో టిక్ పెట్టి, కింది జాబితాలో మీరు రాసుకున్న అంకె ఉన్న పేరు ఎంచుకుని ఓకే ఇవ్వండి. ఒప్పుకోకపోతే ఈథర్నెట్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ టిక్ ముందే ఉందేమో చూసి తీసేయండి. ఒకేసారి రెండిటిని పంచడం కుదరదు.

ఇట్టా చేత్తో పంచినప్పుడు ల్యాప్‌టాప్ ఆపి ఆన్ చేశాక టిక్ ఉన్నట్టే కనపడుతుంది, నెట్ మాత్రం రాకపోవచ్చు. టిక్ తీసి ఓకే, మళ్లీ పెట్టి ఓకే అంటే వస్తుంది. రోజూ ఈ పని విసుగు పుట్టిస్తుంది, నా మాట వింటే కేబుల్ వాళ్లతో మాట్లాడి ఆ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ గోడ మీది బాక్సులోనే వేయించండి. చాలా బాక్సులకి ఆ వీలుంటుంది. అప్పుడు ల్యాప్‌టాప్‌లో డయలర్ అక్కర్లేదు, మొదట చెప్పిన తేలిక పద్ధతి చాలు.

ఒంగోలులో హాస్టల్ గదుల్లో ల్యాన్ పాయింటు ఉండి, బ్రౌజర్‌లో లాగిన్ పేజీ వచ్చేచోట పని ఇంకా తేలిక. ల్యాప్‌టాప్‌లో ఒకసారి లాగిన్ అయితే చాలు, ఫోన్‌లో మళ్లీ అడగదు. కాకపోతే పంచుకోవడం అక్కడి నియమాలకి సరేనా అని వార్డెన్‌ని ఒకమాట అడగండి. ఎవరు ఏం చూసినా లెక్క మీ లాగిన్ పేరు మీదే పడుతుంది.

విండోస్ కాకపోతే

ఉబుంటులో (విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) సెట్టింగ్స్‌లోని వైఫై పేజీ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కితే టర్న్ ఆన్ వైఫై హాట్‌స్పాట్ అని ఉంటుంది. పేరు, పాస్‌వర్డ్ ఇస్తే చాలు. ఇందులో ఫోన్లకి నంబరు 10.42.0తో మొదలవుతుంది, సరిచూసేటప్పుడు ఆ తేడా గుర్తుంచుకోండి. మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, జనరల్, షేరింగ్, ఇంటర్నెట్ షేరింగ్. దేన్నుంచి అంటే ఈథర్నెట్, దేనికి అంటే వైఫై.

విండోస్ 7లో ఈ పేజీ లేదు, కమాండ్లు కొట్టి చేయాలి. మైక్రోసాఫ్ట్ దానికి 2020 జనవరి 14తోనే భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. ఇంటిల్లిపాది ఫోన్లనీ అట్టాంటి ల్యాప్‌టాప్ చాటున పెట్టడం నాకు ఇష్టం లేదు. ఆ ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకోండి. విండోస్ 10కి కూడా మామూలు అప్‌డేట్ల గడువు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, వీలైతే 11కి మారండి.

మూత, కరెంటు, గోడలు

ల్యాప్‌టాప్ మూత వేస్తే అది నిద్రపోతుంది, వైఫై పోతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, మూత వేస్తే ఏం చేయాలి అన్నచోట ఛార్జర్ పెట్టి ఉన్నప్పుడు ఏమీ చేయొద్దు అని ఎంచుకోండి. స్లీప్ కూడా ఛార్జర్ మీద ఉన్నప్పుడు నెవర్ పెట్టండి. స్క్రీన్ ఆరిపోయినా నష్టం లేదు. మూత వేసి నడిపేటప్పుడు దాన్ని పరుపు మీదో, గుడ్డల మీదో పెట్టొద్దు. వేడి పోవడానికి కింద గాలి ఆడాలి, చెక్క బల్ల మంచిది. మే నెలలో మన ఎండలకి ఈ మాట మరీ ముఖ్యం.

కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, వైఫై గుర్తు ఫోన్లో కనపడుతూనే ఉంటుంది, నెట్ మాత్రం రాదు. గోడ మీది ఫైబర్ బాక్సు ఆరిపోయి ఉంటుంది. దాని అడాప్టర్ మీద ఎన్ని వోల్టులో చూసుకుని, అదే వోల్టులో రూటర్ యూపీఎస్ ఒకటి కొనుక్కుంటే కరెంటు లేనప్పుడు కూడా నెట్ నిలబడుతుంది. రాత్రిళ్లు ఏరేటర్లు (గుంట నీళ్లకి గాలి కలిపే యంత్రాలు) ఆగాయేమో అని గుంట దగ్గరున్న మనిషితో వాట్సాప్‌లో మాట్లాడుకునే ఇళ్లకి ఇది అవసరం.

ల్యాప్‌టాప్ ఎక్కడ పెట్టాలన్నది కూడా చూడాలి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ మందపు గోడ అడ్డం వస్తే నీరసపడుతుంది. 2.4 నెమ్మదే అయినా గోడలు దాటి వెళ్తుంది. పిన్ని వాళ్లింట్లో బాక్సు వీధి గదిలో మూలన ఉంది. అక్కడే ల్యాప్‌టాప్ పెడితే వంటింటికి రెండు గోడలు అడ్డం. పది మీటర్ల ల్యాన్ వైరు కొని, నడవలో గూటి మీదికి మార్చాం. ల్యాన్ వైరు 100 మీటర్ల దాకా వెళ్లొచ్చు కాబట్టి వైరు పొడుగుకి భయపడక్కర్లేదు. ఇనుప బీరువా పక్కన మాత్రం పెట్టొద్దు.

పాస్‌వర్డ్ విషయంలో మొహమాటపడొద్దు. వీధిలో పిల్లలు అడిగితే పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి, పాస్‌వర్డ్ చెప్పొద్దు. మరీ తప్పకపోతే పని అయ్యాక మార్చేయండి.

ల్యాప్‌టాప్ ఇరవై నాలుగు గంటలూ ఇంట్లోనే ఉండేట్టయితే ఇదే చాలు. చెల్లెలు జూన్‌లో నెల్లూరు హాస్టల్‌కి వెళ్తుంది, ల్యాప్‌టాప్ దానితోనే పోతుంది. అప్పటికి వెయ్యి రూపాయల ఇటూ అటూలో ఒక చిన్న వైఫై రూటర్ తెచ్చి ఆ ల్యాన్ వైరు దానికి గుచ్చుతాం. కేబుల్ వాళ్లు మ్యాక్ అడ్రస్ కట్టి ఉంటే కొత్త రూటర్ అడ్రస్ ఇచ్చి మార్పించుకోవాలి. రూటర్‌కి కూడా ఇదే పేరు, ఇదే పాస్‌వర్డ్ పెడితే, స్టాటిక్ ఐపీ రాసిన పిన్ని ఫోన్‌లో దాన్ని తీసేయడం తప్ప, ఇంట్లో మిగతా ఏ ఫోన్‌లోనూ ఏదీ మార్చక్కర్లేదు. పిన్ని ఆ పేరు, పాస్‌వర్డ్ రెండిటినీ స్కెచ్ పెన్నుతో అట్టముక్క మీద రాసి, వంటింట్లో క్యాలెండర్ పక్కన మేకుకి తగిలించింది.